కంచె పక్కోడికి తెలిసిన సంగతి

రేఫర్డ్ టటిల్ హోలిస్ ఫెర్రీలో టైర్ల షాపు పెట్టి ఇరవయ్యారేళ్ళయింది. అన్నేళ్ళలో రాని పేరు అతనికి పక్కింటి కుర్రాడి పుణ్యమా అని ఒక్క నెలలో వచ్చింది. కాకపోతే ఆ పేరు రేఫర్డ్ అని కాదు, కంచె పక్కోడు అని.

పక్కింటి కుర్రాడు టెరెల్. పదిహేడేళ్ళవాడు, ఆరడుగుల ఐదంగుళాల పొడుగు. హైస్కూలు ఫుట్‌బాల్ జట్టులో ఆడతాడు, బంతిని చేత్తో పట్టుకుని పరిగెత్తే అమెరికా ఫుట్‌బాల్. అంత భారీ మనిషీ చప్పుడు లేకుండా పరిగెత్తి, నలుగురి మధ్యలోంచి ఎగిరి, గాల్లో వచ్చే బంతిని ఒంటిచేత్తో లాక్కుంటాడు. ఆ వీడియోలు ఎవరో ఇంటర్నెట్‌లో పెట్టారు. యూనివర్సిటీ జట్లు ఏరుకునే కుర్రాళ్ళకి నక్షత్రాలు వేసే వెబ్‌సైటువాళ్ళు ముందు అతనికి మూడు వేశారు. ఎండలు ముదిరేసరికి నాలుగు చేశారు. అక్టోబరులో ఐదోది పడింది, అంతకు మించి ఎవరికీ వెయ్యరు.

ఐదో నక్షత్రం పడ్డ రోజు నుంచి ఊరు ఊరులా లేదు. బార్బెక్యూ కొట్టువాడు తన పంది మాంసం శాండ్‌విచ్‌కి టెరెల్ పేరు పెట్టాడు. పాస్టరుగారు ఆదివారం ప్రార్థనలో రోగుల తర్వాత, సైనికుల తర్వాత, "మన టెరెల్‌కి సరైన దారి చూపించు తండ్రీ" అని చేర్చాడు. ఆయన కారు వెనక ఎర్ర జట్టు స్టిక్కరుంది కాబట్టి, ఆ సరైన దారి ఎటు పోతుందో దేవుడితో సహా అందరికీ తెలుసు.

ఆ రాష్ట్రంలో పెద్ద యూనివర్సిటీలు రెండు. ఒకదాని జట్టు ఎరుపు, రెండోదాని జట్టు పసుపు. రెండూ టెరెల్ కోసం కాచుక్కూర్చున్నాయి. మనిషన్నవాడు ఎర్రోడో పసుపోడో అయి తీరాల్సిందే. రేఫర్డ్ తాత కాలం నుంచీ ఎర్రోడు. అతని భార్య నడీన్ పుట్టింటివాళ్ళంతా పసుపోళ్ళు. ఇద్దరికీ పెళ్ళయి ముప్పై ఒక్కేళ్ళయినా, నవంబరు ఆఖరి శనివారం, ఆ రెండు జట్లూ తలపడే రోజు, ఒకే సోఫాలో కూర్చోరు.

ఎర్ర జట్టు అభిమానులు పోగై కబుర్లాడుకునే వెబ్‌సైటు ఒకటుంది. రేఫర్డ్ అందులో ఆరేళ్ళుగా రాస్తున్నాడు. ఒక్కడూ పట్టించుకునేవాడు కాదు. ఐదో నక్షత్రం పడ్డ వారం మాత్రం, "టెరెల్ వాళ్ళ పక్కిల్లే మాది. మధ్యలో కంచె ఒక్కటే అడ్డం" అని రాశాడు. గంట తిరక్కుండా నాలుగువందల మంది అతని చుట్టూ మూగారు. ఆ రోజే తన పేరు కంచె పక్కోడు అని మార్చుకున్నాడు.

ఇక చూసుకోండి, పొద్దున్నే కాఫీ కప్పు పట్టుకుని వంటింటి కిటికీ దగ్గర నిలబడటం, పక్కింటి ముందు ఏ కారు ఆగిందో, ఎంతసేపు ఆగిందో చూడటం, షాపుకెళ్ళి రాయడం. "ఎర్ర కోచ్ వచ్చాడు. గంటా పది నిమిషాలు. బయటికొచ్చేటప్పుడు చేతిలో ఆపిల్ పై గిన్నె ఉంది." అంతే, తీపి చేసి గిన్నెతో సహా చేతికిచ్చి పంపారంటే అర్థమేమిటని వెయ్యిమంది తర్జనభర్జన పడేవాళ్ళు.

టెరెల్‌ని పెంచింది అమ్మమ్మ, ఊరంతా గౌరవంగా మిస్ ఆర్డెలియా అని పిలిచే ఆవిడ. స్కూలు క్యాంటీన్లో ముప్పై ఏళ్ళు వండి రిటైరైన మనిషి. ఊళ్ళో నలభై ఏళ్ళలోపు వాళ్ళందరూ ఆవిడ చేతి అన్నం తిన్నవాళ్ళే, ఆవిడ చేత మొట్టికాయ తిన్నవాళ్ళే. నవంబరు మొదట్లో ఒక మంగళవారం ఆవిడ పెరట్లో తీగ కట్టి, నాలుగు పసుపు తువ్వాళ్ళు ఆరేసింది.

రేఫర్డ్ గుండె గుభేలుమంది. షాపుకి కూడా వెళ్ళకుండా అక్కడే నిలబడి రాసేశాడు: "పసుపు తువ్వాళ్ళు. నాలుగు. కొత్తవి."

మర్నాడు పొద్దున రేడియోలో ఇద్దరు పెద్దమనుషులు ఆ తువ్వాళ్ళ మీద ఇరవై నిమిషాలు వాదించుకున్నారు. గురువారం తీగ మీద ఎర్ర తువ్వాళ్ళు వేలాడాయి, ఆరు. ఎర్రోళ్ళు పండగ చేసుకున్నారు. శుక్రవారం మూడు ఎర్రవి, మూడు పసుపువి.

"మూడూ మూడూనా?" అన్నాడు రేఫర్డ్ కిటికీ దగ్గర నెత్తి గోక్కుంటూ. "దీని భావమేంటంటావ్?"

నడీన్ గుడ్లు గిలక్కొడుతూ తలెత్తలేదు. "ఆవిడ ఇంట్లో డ్రయ్యరుంది కదయ్యా. నిరుడు పాతది పోతే కొత్తదాన్ని మన ట్రక్కులోనే కదా తెచ్చిచ్చావు. ఈ పాతికేళ్ళలో ఆవిడ పెరట్లో బట్టలారేయడం ఎప్పుడన్నా చూశావా?"

"డ్రయ్యరు పాడైందేమో."

"పాడైంది డ్రయ్యరు కాదులే" అని నడీన్ పెనం పొయ్యి మీద పెట్టింది.

రేఫర్డ్‌కి అది చెవికెక్కలేదు. అతనికి ఆ రోజుల్లో ఒకటే బాధ. ఆ వెబ్‌సైటులోనే కోచ్ బావమరిది అని పేరు పెట్టుకున్నవాడొకడు తయారయ్యాడు. ఏ కోచ్‌కీ ఏమీ కాడు, ఎక్కడో పళ్ళ డాక్టర్లకి సామాన్లు అమ్ముకునేవాడు. అయినా కోచ్‌ల విమానాలు ఎక్కడ దిగుతున్నాయో చూసి రాసేవాడు, రేఫర్డ్‌ని "తువ్వాళ్ళ శాస్త్రి" అనేవాడు. టెరెల్ ఏ జట్టుకి వెళ్తాడన్న అసలు వార్త వాడికంటే ముందు తను చెప్పాలి. ఆ ఒక్క కోరికతో రేఫర్డ్ షాపులో ఒకరి టైరు ఇంకొకరి బండికి బిగించేంత దాకా వెళ్ళాడు.

తర్వాతి వారం ఎర్ర జట్టు పెద్ద కోచ్ హెలికాప్టర్లో వచ్చి స్కూలు మైదానంలో దిగాడు. బడికి సెలవిచ్చినట్టే అయింది. వేరుశనగ చేలల్లో పనిచేసేవాళ్ళు ట్రాక్టర్లు ఆపేసి వచ్చి చూశారు. వీధి చివర ఒక విలేఖరి కారులోనే కాపురం పెట్టాడు. ఆర్డెలియా కారు బయటికి తీస్తే చాలు, వెనకాలే వెళ్ళేవాడు. ఆవిడ మందుల షాపుకెళ్ళినా అది వార్తే.

ఆ ఆదివారం మధ్యాహ్నం రేఫర్డ్ కంచె పక్కన ఆకులు ఊడుస్తున్నట్టు నటిస్తున్నాడు. అవతల ఆర్డెలియా వంగి చెట్టు కింద రాలిన పెకాన్ కాయలు బకెట్లోకి ఏరుతోంది.

"రేఫర్డూ" అంది ఆవిడ తల ఎత్తకుండానే. "ఆకుపచ్చవి కూడా ఉన్నాయి. ఆరెయ్యమంటావా?"

రేఫర్డ్ చేతిలో చీపురు ఆగిపోయింది. "ఏవి, మిస్ ఆర్డెలియా?"

"తువ్వాళ్ళు నాయనా. మా అట్లాంటా మేనకోడలు నీ రాతలన్నీ ఫోన్లో చదివి వినిపిస్తుంది. ఇద్దరం పగలబడి నవ్వుకుంటున్నాం. ఆపిల్ పై గిన్నె మీద రాశావే, అది మరీ బాగుంది."

రేఫర్డ్ ముఖం కందగడ్డలా అయింది. నెల రోజులుగా తను ఆవిడింట్లోకి తొంగి చూస్తూ లోకానికి చాటాడని, దానికి ఆవిడ కేకలెయ్యకుండా తువ్వాళ్ళారేసి ఊరుకుందని అప్పటికి గానీ అతనికి తలకెక్కలేదు. "తప్పయిపోయిందండీ" అన్నాడు, బళ్ళో పిల్లాడిలా.

"అయింది. అందుకే నాకో శనివారం కావాలి."

"శనివారమా?"

"ఈ నెలాఖరి శనివారం. టెరెల్‌ని ఒకచోటికి తీసుకెళ్ళాలి. నా బండి కదిలితే ఆ విలేఖరి తోకలా వస్తాడు. నీ టైర్ల ట్రక్కయితే ఎవడికీ అనుమానం రాదు. నువ్వు ఎర్రోడివని ఊరంతటికీ తెలుసు. ఆ రోజు నువ్వు గుమ్మం దాటి బయటికొస్తావని కలలో కూడా ఎవడూ అనుకోడు."

"మిస్ ఆర్డెలియా! ఆ రోజు మాకూ పసుపోళ్ళకీ ఆట!"

"తెలుసు నాయనా. అందుకే కదా ఆ రోజు" అంది ఆవిడ, బకెట్ ఎత్తుకుంటూ. "రోడ్డు మీద కుక్క కూడా ఉండదు. పొద్దున ఐదింటికి."

రేఫర్డ్ ఆ ఆట చూడకుండా ఉన్నది జన్మలో ఒక్కసారి, అపెండిక్స్ ఆపరేషన్ అయినప్పుడు. అప్పుడు కూడా మత్తు దిగగానే స్కోరెంతని అడిగాడు. ఇప్పుడు మాత్రం నడీన్‌తో, "టెనెసీ దాకా టైర్లకెళ్ళాలి" అని చెప్పి ట్రక్కు తీశాడు. నడీన్ అతని నుదురు మీద చెయ్యి పెట్టి చూసి, జ్వరం లేదని తేల్చుకుని, ఫ్లాస్కులో కాఫీ పోసిచ్చింది.

వెనక సీట్లో టెరెల్ మోకాళ్ళు గడ్డానికి తగిలేలా ముడుచుకుని కూర్చున్నాడు. ముందు ఆర్డెలియా, ఒళ్ళో మొక్కజొన్న రొట్టె, వేయించిన కోడి. రాష్ట్రం సరిహద్దు దాటాక రేఫర్డ్ ఇక ఆగలేకపోయాడు.

"ఒక్కమాట అడగొచ్చా బాబూ? మా ఎర్రోళ్ళకేం తక్కువైందని?"

"తక్కువేం లేదు సార్" అన్నాడు టెరెల్. మాట మెత్తగా ఉంటుంది అతనిది. "వెళ్ళగానే నా పేరు రాసిన బీరువా చూపించారు, లైట్లు కూడా పెట్టారు. ఆ తర్వాత ఒక పళ్ళెం తెచ్చారు. అందులో ఐదు స్టీకులున్నాయి, ఒక్కోటీ అరచేతంత మాంసం ముక్క."

"ఐదా! చూశావా మరి, అదీ మర్యాదంటే!"

"ఐదూ నాకే సార్. ఇరవై కిలోలు పెరగమన్నారు. గోడలా నిలబడి, బంతి విసిరేవాడి మీదికి ఎవడూ రాకుండా అడ్డుకోమన్నారు. పసుపోళ్ళూ అదే అన్నారు. వాళ్ళు ఆరు స్టీకులు పెట్టారు."

"గోడంటే చిన్న సంగతా? గోడలే జట్టుని నిలబెట్టేది."

"అవును సార్. కానీ గోడ చేతికి బంతి రాదు."

రేఫర్డ్ అద్దంలోంచి వెనక్కి చూశాడు. టెరెల్ కిటికీ బయటికి చూస్తూ, ఒళ్ళోని పెద్ద చేతుల్లో లేని బంతిని అటూ ఇటూ తిప్పుతున్నాడు. నెల రోజులు ఈ కుర్రాడి ఇంటికొచ్చిన కార్లు లెక్కపెట్టి రాసినవాడు, ఇతనికేం కావాలో అడగాలని ఒక్కనాడూ అనుకోలేదు.

వాళ్ళు వెళ్ళింది కొండల మధ్య ఒక చిన్న యూనివర్సిటీకి. ఆకుపచ్చ జట్టు. మైదానంలో సగం సీట్లు ఖాళీ, జల్లు పడుతోంది. లండీ అనే కోచ్ గేటు దగ్గరికి తనే గొడుగు పట్టుకుని వచ్చి, ముందు ఆర్డెలియాకి పట్టాడు. రేఫర్డ్‌ని చూసి "తమరు మామయ్యగారా?" అని అడిగాడు.

"కంచె పక్కన ఉంటాడు" అంది ఆర్డెలియా.

ఆట మొదలైంది. టెరెల్ ఆడే చోట ఆడుతున్నవాడి దగ్గరికి బంతి వచ్చినప్పుడల్లా టెరెల్ ఒక వేలు ముడిచాడు. రెండు చేతుల వేళ్ళూ అయిపోయి, మళ్ళీ మొదలుపెట్టాడు. రేఫర్డ్ చెవిలో చిన్న ఇయర్‌ఫోన్ పెట్టుకుని, టోపీ కిందికి లాక్కుని, దొంగతనంగా ఎర్ర-పసుపు ఆట వింటున్నాడు.

"స్కోరెంత సార్?" అన్నాడు టెరెల్ నవ్వుతూ.

"పదిహేడు పదిహేడు" అన్నాడు రేఫర్డ్ సిగ్గుపడిపోయి.

ఆట అయ్యాక లండీ తన గదిలో ఒక పాత బల్ల ముందు వాళ్ళని కూర్చోబెట్టి, కాగితం మీద గీతలు గీశాడు. "ఇక్కడ నువ్వు నిలబడతావు. ఇలా పరిగెడతావు. బంతి ఇక్కడికొస్తుంది." ఇంకో గీత. "ఇక్కడికి కూడా వస్తుంది." గోడల్లేవు, లైట్లు పెట్టిన బీరువా లేదు. మాటల్లో మాటగా ఆయన, "మొదటి ఏడాది ఎక్కువ ఆడతావని మాట ఇవ్వలేను. ఆ చోట ఆడే మా వాడు వచ్చే ఏడాది కూడా ఉంటాడు" అని ఉన్నదున్నట్టు చెప్పేశాడు. టెరెల్ ఆ కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

తిరుగు ప్రయాణంలో కొండల మధ్య రేడియో సరిగ్గా ఆఖరి రెండు నిమిషాలప్పుడు మూగబోయింది. రేఫర్డ్ స్టీరింగ్‌ని రెండు చేతులతో బాదాడు. కొండలు దిగాక మళ్ళీ మాట వినిపించేసరికి పసుపోళ్ళు మూడు పాయింట్లతో గెలిచారు. నడీన్ ఇంట్లో ఎలా గంతులేస్తుంటుందో అతనికి కళ్ళకి కట్టింది.

"అమ్మమ్మా, నేనక్కడికే వెళ్తా" అన్నాడు టెరెల్ వెనకనుంచి.

"సరే నాన్నా" అంది ఆర్డెలియా. తర్వాత రేఫర్డ్ వైపు తిరిగింది. "విన్నావుగా. బుధవారం స్కూల్లో అందరి ముందూ వాడి నోటితో వాడు చెప్పుకుంటాడు. అది వాడి సంగతి."

"నా నోట్లోంచి రాదండీ" అన్నాడు రేఫర్డ్. అన్నాడే గానీ, అతని పొట్ట అప్పుడే ఉబ్బడం మొదలుపెట్టింది.

నాలుగు రోజులు. దేశం మొత్తం మీద ఆ సంగతి తెలిసినవాళ్ళు నలుగురు, ఆ రాత్రే టెరెల్ ఫోన్ చేసి చెప్పిన లండీతో కలిపి. వెబ్‌సైటులో ఒకటే గోల. "కంచె పక్కోడు ఏమైపోయాడు?" "తువ్వాళ్ళు ఉతుక్కుంటున్నాడా?" సోమవారం కోచ్ బావమరిది పెద్ద అక్షరాలతో రాశాడు: "టెరెల్ మనవాడే. వందకి వంద. నా దగ్గర ఖాయమైన కబురుంది. పాపం కంచె పక్కోడికి కంచె తప్ప ఏమీ తెలీదు." దాని కింద ఆరువందల మంది చప్పట్లు.

రేఫర్డ్ మధ్యాహ్నం తిండి మానేసి, షాపు వెనక టైర్ల గుట్ట మీద కూర్చుని ఫోన్ తీశాడు. "ఒరే పళ్ళ సామాన్లోడా, నేను శనివారం" అని కొట్టాడు. చెరిపేశాడు. "తెలిసినవాళ్ళకి తెలుసు" అని కొట్టాడు. అదీ చెరిపేశాడు. చివరికి లేచి, ఎవరో కస్టమరు ట్రక్కులో కట్టేసిన వేటకుక్క దగ్గరికెళ్ళి, దాని చెవి పైకెత్తి, సంగతంతా పూస గుచ్చినట్టు చెప్పేశాడు. కుక్క అతని చెయ్యి నాకింది. కొంచెం తేలికపడింది.

ఇంట్లో నడీన్ ఏమీ అడగలేదు. అది మరీ కష్టంగా ఉంది. మంగళవారం సాయంత్రం అతనే అడిగాడు: "టైర్లేవని అడగవా?"

"ట్రక్కు సీటు కింద ఆకుపచ్చ పాప్‌కార్న్ డబ్బా దొరికింది" అంది నడీన్, మొక్కజొన్న పిండి కలుపుతూ. "టైర్ల షాపుల్లో పాప్‌కార్న్ అమ్మరు."

రేఫర్డ్ నోరు తెరిచాడు.

"చెప్పకు" అంది ఆమె వెంటనే. "మా చెల్లెలు రోజుకి నాలుగుసార్లు ఫోన్ చేస్తోంది, మీ ఆయన ఏమంటున్నాడని. నాకేం తెలీదంటే నిజమే చెప్పినదాన్నవ్వాలి."

అతను పక్కకొచ్చి నిలబడి, ఆ సాయంత్రం అడక్కుండానే గిన్నెలు కడిగాడు.

బుధవారం స్కూలు జిమ్‌లో, అంటే ఆటల హాల్లో, ఊరు ఊరంతా ఉంది. ఎడంవైపు ఎర్ర కోట్లు, కుడివైపు పసుపు కోట్లు, మధ్యలో బల్ల. బల్ల మీద ఒక ఎర్ర టోపీ, ఒక పసుపు టోపీ. టెరెల్ ఏది తలకి పెట్టుకుంటే ఆ జట్టుకి వెళ్తున్నట్టు. టీవీ కెమెరాలు మూడు. రేఫర్డ్ ఎర్ర జాకెట్టే వేసుకొచ్చాడు, అతనికున్నది అదొక్కటే. ఎడంవైపు మూడో వరసలో పాస్టరుగారి పక్కన కూర్చున్నాడు.

టెరెల్ మైకు ముందు నిలబడి అమ్మమ్మకి, దేవుడికి, స్కూలు కోచ్‌కి కృతజ్ఞతలు చెప్పాడు. ఎర్ర టోపీ వైపు చూశాడు. ఎడంవైపు వాళ్ళు లేచారు. పసుపు టోపీ వైపు చూశాడు. కుడివైపు వాళ్ళు లేచారు. తర్వాత అతను కోటు జేబులోంచి నలిగిన ఆకుపచ్చ టోపీ తీసి తలకి పెట్టుకున్నాడు. అది కాస్త బిగుతైంది.

జిమ్‌లో ఎంత నిశ్శబ్దమంటే, పైనున్న లైట్ల గుయ్‌మనే మోత వినిపించింది. "అదేం జట్టు?" అని ఎవరో అడిగారు. "అటవీ శాఖ వాళ్ళదా?" అన్నాడింకొకడు. ముందు వరసలో ఆర్డెలియా ఒక్కతే చప్పట్లు కొడుతోంది. టెరెల్ ముఖంలో నవ్వు కొంచెం కొంచెం వాడిపోవడం రేఫర్డ్‌కి కనిపించింది.

రేఫర్డ్ లేచి నిలబడి చప్పట్లు కొట్టాడు. పాస్టరుగారు అతని జాకెట్ అంచు పట్టుకుని లాగాడు. "కూర్చోవయ్యా, మనది కాదది! ఆకుపచ్చ!"

"కనబడుతోందండీ" అన్నాడు రేఫర్డ్, ఇంకా గట్టిగా కొడుతూ. కుడివైపు నుంచి ఇంకో జత చేతులు కలిశాయి. పసుపు స్వెట్టర్లో నడీన్. తర్వాత బార్బెక్యూ కొట్టువాడు, అతని వెనక టెరెల్ జట్టు కుర్రాళ్ళు, బెంచీలు తన్నుతూ, ఈలలేస్తూ. చివరికి పాస్టరుగారు కూడా రెండు చేతులూ ఒకసారి కలిపాడు.

ఆ మధ్యాహ్నానికల్లా వెబ్‌సైటులో రేఫర్డ్ పరువు గంగలో కలిసింది. "పక్కింట్లో ఉండి కూడా కనిపెట్టలేక ఏడ్చాడు" అని ఒకడు. "వాడికసలు పక్కిల్లే లేదు, అంతా కట్టుకథ" అని ఇంకొకడు. వందకి వందన్న కోచ్ బావమరిది కూడా ఏ సిగ్గూ లేకుండా, "కంచె పక్కోడి అబద్ధాల వల్లే నా లెక్క తప్పింది" అని రాశాడు. రేఫర్డ్ అన్నీ చదివాడు. ఒక్కదానికీ జవాబివ్వలేదు. షాపుకొచ్చిన ప్రతివాడూ, "ఏం కంచె పక్కోడా, నీకూ తెలీదా?" అని దెప్పితే, "ఆ ముసలావిడ నన్ను తువ్వాళ్ళతో బోల్తా కొట్టించింది" అని తనే ముందు నవ్వేవాడు. మొదటి వారం ఆ నవ్వు కష్టంగానే వచ్చింది. తర్వాత నిజంగానే వచ్చింది.

మరుసటి ఏడాది సెప్టెంబరులో మొదటి రెండు ఆటల్లో లండీ టెరెల్‌ని బెంచీ మీద నుంచి లేపలేదు. మూడో ఆటకి రేఫర్డ్, నడీన్, ఆర్డెలియా ట్రక్కులో వెళ్ళారు. ఆట మూడో పావు భాగంలో టెరెల్ మైదానంలోకి దిగాడు. మొదటి బంతి అతని వేళ్ళకి తగిలి జారి కింద పడింది. ఆర్డెలియా కళ్ళు మూసుకుంది. ఐదు నిమిషాలకి ఇంకో బంతి వచ్చింది. ఈసారి రెండు చేతులతో గుండెకి హత్తుకుని, ఒకణ్ణి ఈడ్చుకుంటూ వెళ్ళి పడ్డాడు.

రేఫర్డ్ అరిచిన అరుపుకి ముందు వరసలో కూర్చున్న పెద్దాయన కోకు ఒలకబోసుకున్నాడు.

"ఐదు గజాలు!" అంది ఆర్డెలియా.

"నాలుగండీ" అన్నాడు రేఫర్డ్. "మోకాలు ముందే నేలకి తగిలింది, అక్కడికే లెక్క."

"నీ కళ్ళకి ఎప్పుడు ఏది సరిగ్గా కనబడిందని? ఐదు."

"నాలుగున్నర" అంది నడీన్ ఇద్దరి మధ్య కూర్చుని, ఉడకబెట్టిన వేరుశనక్కాయల పొట్లం విప్పుతూ. హోలిస్ ఫెర్రీ చేరేదాకా ఆ గజం లెక్క తెగలేదు.